గాజునార కింది కలప

మిన్నెసోటాకు పదివేల సరస్సుల సీమ అని పేరు. ఇక్కడ స్థిరపడిన నా వంటి తెలుగువాడు మొదటి పదేళ్ళూ ఆ నీటిని ఒడ్డున నిలబడి చూస్తాడు. ఆ తరువాత పిల్లల పుణ్యమా అని ఏదో ఒక మిషతో అందులోకి దిగుతాడు. నాకు దొరికిన మిష 1980ల నాటి ఒక పాత స్కీ బోటు. పొడవు పందొమ్మిది అడుగులు, వెల 4,000 డాలర్లు. ఏ కంపెనీ పడవో చెప్పను. అందులో నేను కనుగొన్న లోపం ఆ కాలపు పడవలన్నిటికీ ఉమ్మడి సొత్తు.

దాన్ని బాగుచేయడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నేను చేసిన పని కంటె చదివిన చరిత్రే ఎక్కువని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉన్నది. అది బొత్తిగా అబద్ధమని అనలేను.

సామాన్యంగా మనం చూసే మోటారు పడవలకు ఇంజను వెనుక చెక్కకు వేలాడుతూ ఉంటుంది. ఇన్‌బోర్డు స్కీ బోటులో ఇంజను పడవ నడుమనే ఒక పెట్టెలో కూర్చుంటుంది. దాని నుంచి ఒక లోహపు ఇరుసు పడవ అడుగును ఏటవాలుగా దాటి నీటిలోకి పోయి పంకాను తిప్పుతుంది. ఇంజను ముందు గుంజ పాతినట్టు ఒక స్తంభం. స్కీ తాడును దానికే కడతారు. బరువు నడుమ ఉండటం చేత వెనుక లేచే అల పల్చగా ఉంటుంది. స్కీ మీది మనిషి అటూ ఇటూ కోసుకుపోతూ ఎంత గుంజినా పడవ దారి తప్పదు.

ఈ ఆట పుట్టినది మా ఇంటికి గంటన్నర దూరంలోనే. మిసిసిపీ నది విశాలమై సరస్సుగా మారిన చోటు లేక్ పెపిన్, దాని ఒడ్డున లేక్ సిటీ అనే చిన్న ఊరు. మంచు మీద జారగలిగిన మనిషి నీటి మీద ఎందుకు జారరాదని 1922 వేసవిలో ఆ ఊరి కుర్రవాడు రాల్ఫ్ శామ్యూల్సన్‌కు తోచింది. మొదట పీపా చెక్కలు కాళ్ళకు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్ళీ మునిగాడు. చివరకు ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు గల రెండు పైన్ పలకలు కొని, వాటి కొసలను తల్లి వంటింటి పాత్రలో ఉడికించి పైకి వంచాడు. సోదరుడు బెన్ పడవ నడిపాడు. జూలై 2న, పంతొమ్మిదవ పుట్టినరోజుకు ముందునాడు, స్కీల కొసలను నీటిపైకి ఎత్తి పట్టి వెనక్కి వాలితే మనిషి లేస్తాడని కనుగొన్నాడు.

పేటెంటు మాట అతనికి తట్టలేదు. 1925లో ఫ్రెడ్ వాలర్ అనే న్యూయార్కు వాసి నీటి స్కీలకు పేటెంటు పుచ్చుకున్నాడు. సినిమా ప్రియులకు ఈ పేరు పరిచితమే. సినిరమా కనిపెట్టినవాడు ఇతడే. 1952 నాటి తొలి సినిరమా చిత్రంలో ఫ్లోరిడాలోని సైప్రస్ గార్డెన్స్ స్కీ విన్యాసాలు చోటు చేసుకున్నాయి. శామ్యూల్సన్ మటుకు టర్కీ కోళ్ళు పెంచుకుంటూ మరుగున పడిపోయాడు. ఈ ఆటకు ఆద్యుడు అతడేనని అమెరికన్ వాటర్ స్కీ అసోసియేషన్ 1966లో గాని గుర్తించలేదు. 1977లో పోయాడు.

అందరూ ఆ స్కీలనే చెప్పుకుంటారు గాని, నా మనసు బెన్ నడిపిన పడవ దగ్గర ఆగిపోయింది. అందులో అమర్చినది సాక్సన్ అనే ట్రక్కు నుంచి తీసిన ఇంజను! రోడ్డు బండి ఇంజనుకు ఈత నేర్పడం ఈ పడవల చరిత్రలో సగభాగం. నా పడవలోనిది కూడా ఫోర్డు వారు కార్ల కోసం చేసిన 351 ఘనపుటంగుళాల వి-8 ఇంజనే. నీటికి తగినట్టు దాన్ని మార్చారు: చల్లబరచడానికి సరస్సు నీటినే తోడుకునే పంపు, నిప్పురవ్వ బయటకు రాని స్టార్టరు, పెట్రోలు బయటికి పొర్లని కార్బురేటరు. ఇంత చేసినా ఇంజను తిప్పే ముందు నాలుగు నిమిషాలు గాలిపంకా వేసి పెట్రోలు ఆవిరిని బయటకు తోలవలసిందే. మరచినవాళ్ళ పడవలు పేలిన సందర్భాలున్నాయి.

తక్కిన సగం పడవ ఒడలిది. 1925లో ఫ్లోరిడాలో వాల్టర్ మెలూన్ స్థాపించిన కరెక్ట్ క్రాఫ్ట్ సంస్థ చాలాకాలం కలపతోనే పడవలు కట్టింది. 1958లో దివాలా దాఖలు చేసి, ఆ తరువాత ఏళ్ళ తరబడి పాత అప్పులు తీరుస్తూ వచ్చింది. ఆ కష్టకాలంలోనే, 1961లో, లియో బెంజ్ అనే ఆయన రూపొందించిన ఫైబర్‌గ్లాస్ స్కీ బోటు అచ్చును తీసుకుని స్కీ నాటీక్ పేరుతో తయారు చేయసాగింది. 1968లో టెనసీలో రాబ్ షర్లీ ఒక గుర్రాల కొట్టంలో మాస్టర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టాడు. వీరి పోటీలోనే నేటి స్కీ బోటు రూపం స్థిరపడింది.

ఫైబర్‌గ్లాసును నేను గాజునార అని తెలుగు చేసుకున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు తెలుపగలరు. ఈ గాజునార కుళ్ళదు, దీనికి చెద పట్టదు. కలప రోజులు ముగిశాయని కొన్నవారంతా నమ్మారు. కాని గాజునార పెంకు ఒక్కటే అయితే అల తాకిడికి వంగిపోతుంది. దానికి బలంగా ముందు నుంచి వెనుక వరకు, ఇంటి దూలాల వలె, కలప వాసాలు వేసి వాటిపై గాజునార కప్పేవారు. వీటిని స్ట్రింగర్లంటారు. ఇంజను బరువును మోసేవి ఇవే. అంటే కలప పోలేదు, కంటికి కనబడకుండా నేల కిందికి చేరింది.

ఆ పైన చట్టం వచ్చింది. 1971 నాటి పడవల భద్రతా చట్టాన్ని అనుసరించి, ఇరవై అడుగుల లోపు పడవలు నీరు నిండినా పూర్తిగా మునిగిపోకుండా ఉండాలని నిబంధనలు చేశారు. మంచి నిబంధనే. తయారీదారులు నేల కింద ఖాళీలన్నిటిలో నురుగు పోసి గడ్డకట్టించారు. మేకు వేసిన ప్రతి రంధ్రం గుండా నీరు దిగింది. నురుగు ఆ నీటిని పట్టుకుని విడువలేదు. మునగకుండా పోసిన నురుగే ఏళ్ళు గడిచేకొద్దీ పడవను బరువెక్కించి, దూలాలను పుచ్చబెట్టింది. 1990ల తొలినాళ్ళ నుంచి క్రమంగా కలప లేని నిర్మాణం వచ్చిందిగాని, అంతకు ముందరి పడవ కొనేవాడు ముందుగా చూడవలసినది నేల కిందనే.

నేను చూడలేదు. ఇంజను కంప్రెషను కొలిచాను. ఎనిమిది సిలిండర్లూ చక్కగా ఉన్నాయి. ఇక్కడి చలికి లోపల మిగిలిన నీరు గడ్డకట్టి ఇంజను పగిలిందేమోనని వెదికాను, పగులు లేదు. మా అమ్మమ్మగారి ఊరు తాళ్ళరేవుకు దగ్గర. అక్కడ పడవలు కట్టే వడ్రంగులు సుత్తితో పలకను తట్టి, కుండ కొనేవాడిలా చెవి ఒగ్గి వినడం చిన్నతనంలో ఎన్నిసార్లు చూశానో! ఆ సుత్తి ఇక్కడ నాకు గుర్తు రాలేదు. ఇంటికి తెచ్చాక ఇంజను బిగించే మర తిప్పితే అది పట్టు లేకుండా గిర్రున తిరిగింది. అప్పుడు తట్టి చూశాను. తడి గోడను తట్టిన చప్పుడు.

నేల కోసి తీస్తే నురుగు నానిన రొట్టెలా వచ్చింది. దాని కింద దూలం వేళ్ళతో చిదిపితే పొడి కాలేదు, పిండితే నీరు కారింది. అప్పటికి మా అమ్మాయికి పదిహేనేళ్ళు. "నేను కాలేజీకి పోయేలోగా ఇది నీళ్ళలోకి దిగుతుందా నాన్నా?" అని అడిగింది. దిగుతుందన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దూలాలన్నీ ఒక్కసారి తీస్తే పెంకు మెలిపడుతుంది. అందుచేత పడవను సమంగా ఊతల మీద నిలిపి, ఒకటి తీసి ఒకటి పెట్టాలి. పాతదాని కొలతకు డగ్లస్ ఫర్ చెక్క కోసి, నలువైపులా ఎపాక్సీ పూసి అమర్చాను. కలప లేని దూలాలు వేయవచ్చునని మిత్రులు చెప్పారు. పొడిగా ఉంచితే కలప నమ్మదగినదే అని నా అభిప్రాయం. నురుగు మళ్ళీ పోశాను గాని, దాని అడుగున నీరు పారిపోయే దారి విడిచాను. వేడి లేని గరాజులో నవంబరు రాగానే ఎపాక్సీ గట్టిపడటం మానేసింది. ఒక చలికాలమంతా ఊరక పోయింది. చివరికి ఇంజనునూ ఇరుసునూ వెంట్రుకవాసి తేడాతో ఒకే రేఖకు తెచ్చేసరికి రెండవ వేసవి జూలై వచ్చింది. అమ్మాయి ప్రయాణానికి ఇంకొక్క ఏడాదే మిగిలింది.

సరస్సులో దింపినప్పుడు ఇరుసు బయటకు పోయే చోట నీటి చుక్కలు పడుతున్నాయి. మా ఆవిడ కంగారు పడింది. అక్కడ కొన్ని చుక్కలు పడాలి, ఇరుసు చల్లబడేది వాటితోనే. లెక్కపెట్టాను, సరిపోయాయి. అమ్మాయి తాడు పట్టుకుని మూడుసార్లు పడింది. వెనక్కి వాలమని శామ్యూల్సన్ కిటుకే అరిచి చెప్పాను. నాలుగవసారి పడవ ఊపందుకున్నప్పుడు నా చూపు ముందున్న నీటి మీద, ఇంజను వేడి చూపే ముల్లు మీద ఉన్నది. వెనుక చూడవలసిన పని మా ఆవిడది.

"లేచిందండీ," అన్నది.