రైఖ్స్‌టాలర్: జర్మన్ సంస్థానాల వెండి నాణెం

పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చెందిన జర్మన్ సంస్థానాలలో చెలామణి అయిన పెద్ద వెండి నాణెం రైఖ్స్‌టాలర్. ‘సామ్రాజ్యపు టాలర్’ అని దీని అర్థం. బొహీమియాలోని యోఆఖిమ్స్‌టాల్ అనే వెండిగనుల ఊరిలో ష్లిక్ వంశపు ప్రభువులు 1520 ప్రాంతంలో ముద్రించిన నాణేలను జనం ఊరి పేరుతోనే పిలిచారు. ఆ పేరే కాలక్రమేణా టాలర్‌గా కురచబడినది. డాలర్ అనే మాటకు మూలమూ ఇదే.

1566లో ఆగ్స్‌బర్గ్‌లో సమావేశమైన సామ్రాజ్య సభ దీని ప్రమాణాన్ని నిర్ణయించింది. కొలోన్ మార్కు అనే తూనికకు, అనగా సుమారు 234 గ్రాముల మేలిమి వెండికి, 9 నాణేలు ముద్రించవలెనని నియమం. ఆ లెక్కన నాణెం బరువు 29 గ్రాములకు పైబడగా, అందలి మేలిమి వెండి దాదాపు 26 గ్రాములు. పాత తులాలలో రెండుంపావు.

చిక్కు వచ్చినది పెద్ద నాణెంతో కాదు, చిల్లరతో. ఒక టాలర్ ముద్రించుటకయ్యే శ్రమ కంటే అంతే వెండితో అనేక చిన్న నాణేలు ముద్రించుటకయ్యే శ్రమ చాలా ఎక్కువ. చట్టప్రకారం చిల్లర ముద్రిస్తే టంకశాలకు నష్టమే. 1618లో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలై సైనికుల జీతాలకు ధనం అవసరం కాగానే, పాలకులు చిల్లరలో రాగి పాలు పెంచసాగారు. మధ్యవర్తులు ఆ నాసి నాణేల సంచులతో పొరుగు సంస్థానంలో ప్రవేశించి, అక్కడి మంచి నాణేలను త్రాసులో తూచి ఏరి తెచ్చి కరిగించేవారు. తూచే త్రాసు ఊగిసలాటను బట్టే ఆ కాలానికి ‘కిప్పర్ ఉండ్ విప్పర్’ అన్న పేరు వచ్చింది. మోసపోయిన పొరుగువారు మరో పొరుగువారిపై అదే ఉపాయం ప్రయోగించారు.

1566లో 68 క్రాయిట్సర్ల విలువగల టాలర్, 1622 నాటికి కొన్ని పట్టణాలలో 600 క్రాయిట్సర్లకు చేరింది. టాలర్ మారలేదు, చిల్లరే చెడినది. టాలర్లు దాచుకొన్న ధనికులు నిలదొక్కుకొన్నారు. చిల్లరలో కూలి, జీతం, అప్పు బాకీ పుచ్చుకొన్నవారు మునిగారు. 1622లో మాగ్డెబర్గ్‌లో అల్లర్లు చెలరేగాయి. పన్నుల రూపంలో తమ నాసి నాణేలే తమ ఖజానాకు తిరిగి రాసాగిన పిమ్మట గాని పాలకులకు కనువిప్పు కలుగలేదు. 1623 నాటికి టాలర్ విలువ 90 క్రాయిట్సర్ల వద్ద స్థిరపడింది.

ఆ తరువాత ప్రమాణాలు పలుమార్లు మారాయి. 1750లో ప్రష్యా మార్కు వెండికి 14 టాలర్లు ముద్రించింది. జర్మనీ ఏకమైన పిదప టాలర్‌ను 3 కొత్త మార్కులకు సమంగా లెక్కించారు. 1907లో అది చెలామణి నుండి తొలగింది. నాటి నాసి చిల్లర నేటికీ సేకర్తల వద్ద కనబడుతుంది. పైపూత వెండి అరిగి, చాలావాటిలో రాగి రంగు బయటపడి ఉంటుంది.