67 నుంచి 71కి

తెల్లవారుజాము ఐదున్నర. 2025 ఆగస్టు ముసురు. విజయనగరం దాటి శ్రీకాకుళం వైపు కాసేపు ప్రయాణించి, మామిడితోటల్లోంచి మట్టిబాట పట్టి, ఊరి చివర రేకుల షెడ్డు ముందు దిగారు మీరు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రండి. చెమట, రబ్బరు, తుప్పు కలిసిన వాసన. ట్యూబులైటు వెలుతురులో చాక్ పొడి తేలుతోంది. బార్ కింద పడినప్పుడల్లా మీ పాదాల కింద నేల అదురుతుంది. మొదటి రెండుసార్లు ఉలిక్కిపడతారు, తర్వాత అలవాటైపోతుంది.

ఇటు కొండవెలగాడ, అటు ఆమదాలవలస. ఈ రెంటి మధ్య ఊళ్లలో పిల్లలు బరువులెత్తడం చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. గోడ మీద కరణం మల్లీశ్వరి ఫొటో ఉంది. 1994, 1995లలో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చుకున్నది 69 కిలోల విభాగంలో. 54 నుంచి 69కి, మధ్యలో ఐదేళ్లు. ఆ ఐదేళ్లనీ మనసులో పెట్టుకోండి. ఈ షెడ్డులో ఈరోజు జరగబోయే మాటలన్నీ వాటి చుట్టూనే.

తూకం మిషన్ మీద ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు నిలబడ్డాడు. 67.2. 2025 మే దాకా మగవాళ్లకి 67 కిలోల విభాగం ఉండేది. జూన్ నుంచి అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య విభాగాలు మార్చేసింది. ఆ మార్పుతో వచ్చినవి 60, 65, 71, 79, ఆపైన. 67 దగ్గరున్నవాడు రెండు కిలోలైనా దిగాలి, నాలుగు కిలోలైనా ఎక్కాలి. కుర్రాడు పొడగరి, ఇంకా ఎదిగే వయసు. ఎక్కాలనే ఇక్కడ శిక్షణ ఇచ్చే మాస్టారు తేల్చారు.

"ఏట్రా, రాత్రి ఏటి తిన్నావ్?"

"అన్నం మాస్టారూ. మూడుమార్లు కలుపుకున్నాను."

"కూరేటి?"

"బంగాళాదుంప వేపుడు."

మాస్టారు ఏమీ అనరు. జేబులోంచి దర్జీ టేపు తీస్తారు. కుర్రాణ్ణి బనీను పైకెత్తమంటారు. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదలమని, అప్పుడు చూస్తారు. 79 సెంటీమీటర్లు. నోటుబుక్కులో బరువు పక్కనే ఆ అంకె కూడా రాస్తారు. ఆ పక్కగడి కోసమే మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చాను. మన జిమ్‌లలో బరువు రాసుకునేవాళ్లు కోకొల్లలు. నడుము చుట్టుకొలత రాసుకునేవాళ్లు కనబడరు.

కుర్రాడి బ్యాగులోంచి మూతి పెద్దదైన ప్లాస్టిక్ డబ్బా తొంగిచూస్తోంది. మాస్ గెయినర్, బరువు పెంచుకోవడానికి కలుపుకుని తాగే పొడి. మాస్టారు దాన్ని తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవమంటారు. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండిపదార్థమే, గ్లూకోజు ఎంత తొందరగా రక్తంలో కలుస్తుందో అదీ అంతే తొందరగా కలుస్తుంది. "మూడుమార్లు అన్నం తిన్నావు కదరా, దాని మీద మళ్లీ ఇదెందుకు?" అంటారు. డబ్బా బ్యాగులోకి వెళ్లిపోతుంది.

"మనోళ్లకి పొట్టలో తొందరగా పేరుకుంటాది సార్," అని మాస్టారు మీవైపు తిరిగి అంటారు. ఆ మాట వెనక గట్టి సంగతి ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తుకి బరువు లెక్కేస్తే ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. చర్మం కింద కొవ్వు దాచుకునే గాదె మనకి చిన్నది. అది నిండాక మిగిలిన గింజలు వంటింట్లోకీ పడకగదిలోకీ పొర్లినట్టు, కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలోకీ చేరుతుంది. చర్మం కిందున్న కొవ్వు బరువే గానీ పెద్దగా బాధపెట్టదు. కాలేయంలో చేరినది ఇన్సులిన్ మాట చెల్లనివ్వదు, రక్తంలోకి ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును వదులుతూనే ఉంటుంది. మన మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటగానే ప్రమాదం కింద లెక్కేయడం ఇందుకే.

అయితే ఈ కుర్రాడికి ఒక ఆస్తి ఉంది. ఇప్పుడు దాన్ని చూడండి.

స్క్వాట్ రాక్ దగ్గర బార్ మెడ వెనక్కి తీసుకున్నాడు. ఊపిరి బిగించి దిగాడు. అడుగున ఒక క్షణం ఆగిపోయినట్టే ఉంటుంది, మీరు కూడా ఊపిరి బిగపడతారు. లేచాడు. ఐదు రెప్స్, అలాంటివి ఐదు సెట్లు. ఆ తొడల్లోపల ఇప్పుడు ఏం జరుగుతోందో చూడగలిగితే ఎంత బాగుండు! కండరం బిగుసుకున్నప్పుడల్లా గ్లూకోజును లోపలికి లాగే ద్వారాలు కణం పైకి వచ్చి తెరుచుకుంటున్నాయి. ఇన్సులిన్ పిలవకుండానే. ఇన్సులిన్ పిలుపుతో కదిలే చక్కెరలో కూడా ఎక్కువ భాగం చేరేది కండలకే. ఈ కసరత్తు అయిపోయాక ఒకటి రెండు రోజుల పాటు ఆ కండలు ఇన్సులిన్ మాట బాగా వింటాయి. కండ పెరిగేకొద్దీ చక్కెర దాచుకునే చోటూ పెరుగుతుంది. బరువెక్కడం జబ్బుకి దారి అని భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. కండగా ఎక్కిన కిలో మీ పక్షాన ఉంటుంది. కాకపోతే కండ తొందరపడదు. ఎంత తిండి కుక్కినా నెలకి ఇంత అనే దాని లెక్క మారదు. మిగిలిందంతా కొవ్వే.

మాస్టారి లెక్క వారానికి 170 గ్రాములు. ఒంటి బరువులో నాలుగో వంతు శాతం. నాలుగు కిలోలకి దాదాపు ఐదున్నర నెలలు. దానికి రోజూ అదనంగా తినాల్సింది 300 కేలరీలు, అంటే పెద్ద గ్లాసు గేదె పాలు, ఒక అరటిపండు. కుర్రాడి మొహంలో నిరాశ చూశారా? ఇంతేనా అన్నట్టుంది. మొదటి వారం ఒకటిన్నర కిలో పెరిగిందని వేరే జిమ్ స్నేహితుడు చెప్పాడట. అందులో చాలా మటుకు నీళ్లు. కండలో దాచుకునే ప్రతి గ్రాము పిండిపదార్థం మూడు గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది.

తొమ్మిది గంటలకి వాళ్లింటికి వెళ్దాం. వాళ్లమ్మ మీకూ పీట వేస్తుంది. "మీరూ కూకోండి బాబూ. ఈ గుంటడు చిక్కిపోనాడు, మీరైనా చెప్పండి తినమని." పొయ్యి మీద ఉలవచారు, పక్కన చోడి అంబలి. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఈవిడ దగ్గరే ఉంది, ఈవిడకి ఆ సంగతి తెలియదు. కండ పెంచుకునేవాడికి ఒంటి కిలోకి 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఈ కుర్రాడికి 107 గ్రాములు. నాలుగు కోడిగుడ్లలో పాతిక. అరలీటరు పాలలో పదహారు దాకా. రోజంతా కలిపి వంద గ్రాముల ఉలవలో కందిపప్పో తింటే ఇరవై రెండు. గుప్పెడున్నర వేరుశనగ పలుకుల్లో పన్నెండు. సాయంత్రం కోడికూరో చేపల పులుసో, ముక్కలు బాగా పడితే ముప్పై. అన్నంలో ఉండేది కూడా కలిపితే లెక్క దాటిపోతుంది. డబ్బా అక్కర్లేదు.

అన్నం మానమని మాస్టారు చెప్పలేదు, నేనూ చెప్పను. బరువులెత్తేవాడికి పిండిపదార్థం కావాలి. చోటు మాత్రం మార్చారు. ఎక్కువ అన్నం కసరత్తు అయ్యాక, కండ ఆకలిగా ఉన్న పూట. రాత్రి ఒక్కసారి కలుపుకునేంత. తిన్నాక పదిహేను నిమిషాలు చెరువుగట్టు దాకా నడక. రాత్రి ఫోను పక్కన పెట్టి పదింటికల్లా పడుకోవడం కూడా ఈ పట్టీలోదే. నాలుగు రాత్రులు నిద్ర చాలకపోతే చాలు, కుర్రాడైనా సరే ఇన్సులిన్ పనితీరు తగ్గుతుంది.

సాయంత్రం షెడ్డుకి ఒక భారీ మనిషి వస్తాడు. కుర్రాళ్లంతా "అన్నా" అంటూ లేస్తారు. ఒకప్పుడు పైవిభాగంలో ఎత్తినవాడు, ఆట కోటాలో ఉద్యోగం వచ్చింది. బెంచీ మీద మీ పక్కనే కూర్చుంటాడు. "ఎత్తడం మానీసాను గానీ తినడం మాన్లేదండి," అంటాడు నెమ్మదిగా. ముప్పై ఎనిమిదేళ్లకి షుగరు మాత్రలు. జపాన్‌లో సుమో మల్లులకి సీటీ స్కాన్ తీసి చూశారు. అంత లావు మనుషుల్లోనూ కొవ్వు ఎక్కువగా చర్మం కిందే ఉంది, పొట్ట లోపల తక్కువ. రోజూ పొద్దున చేసే కఠోర సాధన వాళ్లని కాస్తోంది. సాధన ఆగి, తిండి అలాగే ఉంటే ఆ కాపలా పోతుంది. ఈ అన్న కథా అదే. పతకాలు తెచ్చినవాళ్లని ఆట ముగిశాక ఎలా తినాలో చెప్పకుండా వదిలేస్తున్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. పోటీకి బరువు పెంచమని చెప్పే నోరే, పోటీలయ్యాక దించే దారి కూడా చెప్పాలి. అన్న ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు వచ్చి ఖాళీ బార్‌తో మొదలుపెడతాడు. కుర్రాళ్లు ఆయన నడుముకి టేపు చుట్టి, బుక్కులో ఆయన పేరుకీ ఒక పేజీ ఇచ్చారు.

ఇక నెలలు దాటేద్దాం. డిసెంబరు చివర కుర్రాడు 69.8, నడుము 80. సంక్రాంతి వచ్చింది. అరిసెలు, జంతికలు, మేనమామ ఇంట్లో మూడు రోజులు. తర్వాతి సోమవారం మీరు షెడ్డులోనే ఉన్నారు. కుర్రాడు మిషన్ మీంచి కేక వేస్తాడు.

"71 దాటాను మాస్టారూ! 71.1!"

అందరూ చప్పట్లు కొడతారు. మాస్టారు టేపు తీస్తారు. 83. మూడు వారాల్లో మూడు సెంటీమీటర్లు. చప్పట్లు ఆగిపోతాయి.

"స్క్వాట్ పెరిగిందేటి?"

"లేదు మాస్టారూ."

పట్నంలో రక్తపరీక్ష చేయించారు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.3, పరగడుపు చక్కెర 88. ఇవి బాగున్నాయి, 5.7 లోపు, 100 లోపు. ట్రైగ్లిజరైడ్లు 171, 150 దాటాయి. కాలేయం తీరు చెప్పే ఎస్‌జీపీటీ కూడా పైనే ఉంది. వాళ్లమ్మ కళ్లలో నీళ్లు. ఇక్కడ తొందరపడొద్దు. పరీక్షకి ముందురోజే కుర్రాడు భారీగా ఎత్తాడు. అలవాటుకి మించి ఎత్తాక కండల్లోంచి కూడా ఎస్‌జీపీటీ రక్తంలోకి వస్తుంది, వారం దాకా పైనే ఉండొచ్చు. బరువులెత్తేవాళ్లు పరీక్షకి ముందు వారం ఇనుము ముట్టకూడదు, ఎత్తే అలవాటుందని డాక్టరుకి ముందే చెప్పాలి. ట్రైగ్లిజరైడ్ల సంగతి వేరు. అవి అరిసెలవి.

నాలుగు వారాలు బరువు పెంచడం ఆపేశారు. మిఠాయి బందు, రాత్రి నడక అరగంట, స్క్వాట్ మామూలుగానే. ఫిబ్రవరిలో వారం విశ్రాంతి తర్వాత మళ్లీ పరీక్ష. ట్రైగ్లిజరైడ్లు 118. ఎస్‌జీపీటీ మామూలుకి వచ్చింది. నడుము 81, బరువు 70.5. స్క్వాట్ మాత్రం ఆగస్టు కంటే పదిహేను కిలోలు ఎక్కువ.

మాస్టారు పోటీ దరఖాస్తు తీసి విభాగం గడిలో 71 అని రాస్తారు. కుర్రాడు ఇంకా అరకిలో ఖాళీ ఉంది కదా అని ఏదో అనబోతాడు.

"ఖాళీ ఉండనీ. ఆ అరకిలో వచ్చే ఏడాది తొడల్లోకి ఎక్కిద్దాం. పద, బార్ ఎక్కించు."