నల్లమలకీ వెలిగొండకీ మధ్య మూడో కోణం

మార్కాపురం, కంభం, గిద్దలూరు. పటం మీద ఈ మూడు ఊళ్లనూ గీతలతో కలిపి చూడండి. త్రిభుజం రాదు, వచ్చినా చీపురుపుల్లంత సన్నంగా వస్తుంది. కంభం దగ్గరి కోణం 180 డిగ్రీలకు కాస్తే తక్కువ. నల్లమలకీ వెలిగొండకీ మధ్య లోయలో, రైలు పట్టా వెంట వరసగా కూర్చున్న ఊళ్లు మరి. సర్వేయరు ఇలాంటి త్రిభుజం జోలికి పోడు. సన్నటి కోణంలో పిసరంత తప్పు దొర్లినా భుజం పొడవు ఎటో పోతుంది. ఇటు కొండ మీదో శిఖరం, అటు కొండ మీదో శిఖరం పట్టుకుని లోయను అడ్డంగా దాటాల్సిందే.

మన పాత గణితానికి త్రిభుజం బాగా తెలుసు, కోణంతోనే పెద్దగా పని పడలేదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మహావీరాచార్యుల గణితం ఆ సంప్రదాయానిదే. 13, 14, 15 భుజాల త్రిభుజం ఇచ్చి, లంబం ఎంత, అది భూమిని, అంటే అడుగు భుజాన్ని, ఎక్కడ తాకుతుంది అని అడిగేవారు. మార్కాపురం పలక మీదే వేసి చూద్దాం. 14ను అడ్డంగా గీసి పైమూల నుంచి లంబం దించితే ఆ గీత 5, 9గా చీలుతుంది. లంబం 12. వాళ్ల లెక్క అక్కడికి సరి. మనం ఇంకో అడుగు వేసి 5ను 13తో భాగిస్తే 13, 14 కలిసే మూల కొసైన్ వస్తుంది, పట్టిక చూస్తే కోణం 67 డిగ్రీల 23 నిమిషాలు.

పట్టిక లేక కాదు. 499లోనే ఆర్యభటుడు 225 కళలకొకటి చొప్పున 24 జ్యాభేదాలు ఇచ్చాడు. అయితే అవి గ్రహాల కోసం, పొలం గట్ల కోసం కాదు. జ్యోతిషం ఒక గదిలో, క్షేత్రగణితం ఇంకో గదిలో ఉండిపోయాయి. జ్యాకు మారుపేరైన 'జీవ' మాత్రం ఊరుకోలేదు. అరబ్బుల దగ్గర జైబ్, లాటిన్‌లో సైనస్ అయి, చివరికి సైన్‌గా మన పలక మీదికే తిరిగొచ్చింది.

1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించినప్పుడు కంభం సీమ కూడా అందులోనే పోయింది. కొత్త ఏలికకు శిస్తు కావాలి, శిస్తుకు పటం కావాలి. 1794లోనే శ్రీశైలం చూసొచ్చిన కాలిన్ మెకంజీకి ఈ మండలాల సర్వే దక్కింది. ఈలోగా 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసు పరిచి, ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి పని కోణాలది. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలను సైన్ సూత్రం ఇచ్చేస్తుంది. వచ్చిన భుజమే పక్క త్రిభుజానికి పునాది. 1811లో గుత్తి దగ్గర మళ్లీ గొలుసు దించింది ఆ లెక్క నిలిచిందో లేదో చూసుకోవడానికే.

ఇక్కడ పదో తరగతి పిల్లవాడు ఓ ప్రశ్న వేయాలి. రెండు కోణాలు కొలిచాక మూడోది 180లోంచి తీసేస్తే పోలేదా? కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైటును మూడో కొండకు మోయించడం ఎందుకు? మోసినవాళ్లు అడిగే ఉంటారు. ఈ కథలో నాకు ఇష్టమైన చోటు ఇదే. తీసివేతతో వచ్చిన కోణం మన తప్పును కడుపులో దాచుకుంటుంది, కొలిచిన కోణం బయటపెట్టేస్తుంది. పైగా భూమి గుండ్రం కాబట్టి పెద్ద త్రిభుజంలో మొత్తం 180 దాటి తీరాలి. ఎంత దాటాలన్నదీ లెక్కే. సుమారు 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను.

1880ల్లో గిద్దలూరు దాటాక నల్లమలలో రైలు మార్గం వేసినవాళ్లు ప్రతి వంపునూ కోణాలతోనే తిప్పారు. వెలిగొండ ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి వ్యవహారం కొండ కడుపులోకి వెళ్లింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు నుంచి దోర్నాల దగ్గరి కొత్తూరు దాకా సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు. పైన పులులు తిరిగే అడవి. లోపలికి ఉపగ్రహ సంకేతం అందదు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు కోణం కొలుచుకుంటూ పోవాలి. మొదట్లో దిశ ఒక సెకను తప్పితే అవతలి కొసన తేడా 9 సెంటీమీటర్లు, సర్దుకోవచ్చు. ఒక నిమిషం తప్పితే ఐదున్నర మీటర్లు. మొదటి సొరంగం వ్యాసమే 7 మీటర్లు.