వడపోత

‘వడియు’ అంటే ద్రవం బొట్టుబొట్టుగా కారడం. గుడ్డలోనో ఫిల్టర్‌లోనో పోసి వడియనిస్తే అది వడపోత. వడకట్టడం దాని చుట్టమే. తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్‌కు వచ్చిన కర్నూలు ఉల్లిని సైజు చూసి ఏరతారు, పిండిని జల్లిస్తారు, కాఫీ డికాషన్‌ను మాత్రమే వడపోస్తారు.

ఇప్పుడు ఈ తడిమాట దరఖాస్తులకూ, అభ్యర్థులకూ, కంప్యూటర్‌లోని పనుల జాబితాకూ పాకింది. గూగుల్ టాస్క్స్ ఏపీఐని (ప్రోగ్రాములు ఆ జాబితాను అడిగే మార్గం) ఎన్ని కావాలో చెప్పకుండా పనులు అడిగితే విడతకు 20 ఇస్తుంది. కోరితే 100 దాకా. ఇంకా మిగిలితే ఒక టోకెన్ చేతిలో పెడుతుంది, అది చూపించి తరువాతి విడత అడగాలి. ‘డ్యూమ్యాక్స్’ అనే షరతుతో గడువుకు పై హద్దు పెట్టవచ్చు. ‘షోకంప్లీటెడ్’ను ‘ఫాల్స్’ చేస్తే పూర్తయినవి రావు.

కాఫీ వడపోస్తే పిప్పి పారేస్తాం. ఇక్కడ రాని పనులు ఎక్కడికీ పోవు, జాబితాలోనే ఉంటాయి. నిజానికి ఇది ఏరడమే, కానీ వాడుకలో వడపోత గెలిచింది. కాబట్టి పని కనబడలేదంటే అయిపోయిందని కాదు. షరతు మార్చి మళ్లీ అడగండి.