రక్తపుపోటు మందు – దాని వెల చరిత్ర



మన పల్లెలలో నేడు బీపీ యని పిలువబడు రక్తపుపోటు మాట వినని యిల్లు అరుదు. దీనికి మందు దినదినమును మ్రింగవలయును. ఆ మందునకు వెల నెలనెలయు చెల్లింపవలయును. బీమా లేని సేద్యగాడును, కూలివాడును ఈ వ్యయము నెట్లు భరింతురు? ఈ ప్రశ్నకు బదులు వైద్యగ్రంథములకంటె చరిత్రయందే యెక్కువగా గానవచ్చును. కావున నేటి ప్రసంగమున నా చరిత్రను మీకు విన్నవించెదను.

మొదటిది మందు లేని కాలము. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రొక్కి చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును కల్పించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోఫ్ ధమని చప్పుడును విని పై యంకెను, క్రింది యంకెను నిర్ణయించు పద్ధతిని తెలిపెను. కొలత దొరకినది గాని చికిత్స దొరకలేదు. 1944 మార్చి నెలలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టునకు పోటు 186/108గా నుండెను. ఉప్పు తగ్గింపుడు, విశ్రమింపుడు అని చెప్పుటకు మించి పోటును దింపుటకై వైద్యులు చేయగలిగినది స్వల్పము. 1945 ఏప్రిల్ 12వ తేదీన మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను. అంతటివానికి ధనము కొరత గాదు, మందే కొరత.

ఆ దినములందే మన దేశమున నొక వేరు ఈ వ్యాధిపై పనిచేయుచుండెను. అది సర్పగంధ. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేనును, కార్తీక చంద్ర బోసును ఈ వేరు పోటును తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన యనుభవమును ఇంగ్లండులోని హృద్రోగ పత్రికలో వెల్లడింపగా లోకమంతయు దానివైపు చూచెను. 1952లో స్విట్జర్లాండు దేశపు సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసెర్పిన్ అను సారమును వేరుచేసిరి. పెరటిలో త్రవ్వుకొన్న వేరునకు వెల లేదు. సీసాలోని మాత్రకు వెల కలదు. అయినను వేరులో సారమెంతయో తెలియదు, మాత్రలో తెలియును. తప్పు మోతాదు ప్రాణమునకు ముప్పు గావున మాత్రయే మేలని వైద్యులు గ్రహించిరి.

ఈ మందులు నిజముగా ప్రాణము నిలుపునా? అమెరికాలో మాజీ సైనికులకై ప్రభుత్వము నడుపు వైద్యశాలలలో ఫ్రీస్ అను వైద్యుడు 143 మంది పురుషులను పరీక్షించి, 1967లో ఫలితమును ప్రకటించెను. ఉత్తి మాత్రలు పుచ్చుకొన్న వారిలో 27 గండములు సంభవింపగా, మందు పుచ్చుకొన్న వారిలో రెండే సంభవించెను. ఆ మందులలో మన సర్పగంధ సారమును ఒకటి. ఆ పరీక్షలో మందును రోగి చేతికి వైద్యశాలయే యిచ్చినదను సంగతిని శ్రోతలు మరువరాదు.

ఇక వెల సంగతి. 1911 నాటి పేటెంటు చట్టము మన దేశమున మందు కనిపెట్టినవారికి సర్వహక్కుల నొసగుచుండెను. 1961లో అమెరికా సెనేటు ఉపసంఘమొకటి, కెఫావర్ అధ్యక్షతన, మందుల వెలలు మిక్కిలి హెచ్చుగానున్న దేశములలో భారతదేశ మొకటియని చెప్పెను. పేదదేశము, పెద్దవెల! అంతకుముందే, 1959లో, న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు ఈ చట్టమును మార్చవలెనని నివేదించియుండిరి. తుదకు 1970 చట్టము 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చెను. మందునకు గాక, దానిని తయారుచేయు విధానమునకే హక్కు మిగిలెను. వేరు విధానమున నదే మందును చేయువానికి అడ్డు తొలగెను.

ఈ మార్పునందు తెలుగువారికిని పాలు కలదు. 1961లో స్థాపితమైన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదులో కర్మాగారమును నెలకొల్పెను. అందు పనిచేసిన గుంటూరు మండలవాసి, తాడేపల్లికి చెందిన అంజిరెడ్డిగారు 1984లో స్వంత సంస్థను స్థాపించిరి. అది తొలుత తయారుచేసిన మందులలో మిథైల్‌డోపా యను రక్తపుపోటు మందు ఒకటి. 2005లో మందునకే పేటెంటు మరల వచ్చినను, పాతమందులు చౌకగానే నిలిచినవి. 2008లో జనౌషధి దుకాణములు వెలసెను. 2013 ఉత్తరువు అవసర ఔషధములకు గరిష్ఠ వెల నిర్ణయించెను.

వెల తగ్గెను గదా, బాధ తీరెనా? లేదు. 1948 నాటి కార్మిక బీమా చట్టము మొదట కర్మాగారపు కూలికై యేర్పడినదే గాని పొలపు కూలికై గాదు. 2007 నాటి ఆరోగ్యశ్రీయు, 2018 నాటి ఆయుష్మాన్ భారతమును ప్రధానముగ వైద్యశాలలో చేరినవారి వ్యయమునకై యేర్పడినవి. పక్షవాతము వచ్చిన పిదప ఆదుకొనునవి గలవు. రాకుండ నాపు దినదినపు మాత్రకు చేయూత తక్కువ. ఈ లోపమును పూరించుటకే 2017లో తెలంగాణముతో గూడ అయిదు రాష్ట్రములలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల మూలమున రక్తపుపోటు నివారణోద్యమము ఆరంభింపబడెను.

కావున పెద్దలారా, పైకము చాలలేదని మాత్రను సగము చేయుటయు, ఒంట్లో బాగుగనున్నదని మానుటయు వలదు. మీ గ్రామములో ఎవరు వెలకు జంకి మందు మానిరో విచారింపుడు. వారిని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు దోడ్కొని పొండు. వ్యాపారనామము గాక మందు అసలు పేరుతో చీటి వ్రాయుమని వైద్యుని గోరుడు. రూజ్వెల్టునకు దొరకని మందు మన రచ్చబండకు చేరువలోనున్నది. దానిని పేదవాని చేతికి చేర్చు పని మాత్రమే మిగిలియున్నది.