డాలరు బస్సు కథ

వాషింగ్టన్ డీసీలో 'సర్క్యులేటర్' అని ఓ ఎర్ర బస్సు ఉండేది. 2005లో రెండు రూట్లతో మొదలైంది. టిక్కెట్టు డాలరు, పది నిమిషాలకో బస్సు.

ఇంకా ఎటు నడపాలో చెప్పమని నగర రవాణా శాఖ సభలు పెట్టి మరీ జనాన్ని అడిగేది. 2011లో విస్తరణ ప్రణాళిక వేశారు. 2015లో నేషనల్ మాల్ (షాపింగ్ మాల్ కాదండోయ్!) మీదుగా లింకన్ స్మారకం దాకా రూటొచ్చింది.

రూటు గీయడానికి జనం మాట సాయపడుతుంది. ఏటా నడపడానికి మాత్రం బడ్జెట్ కావాలి కదా! 2024లో బడ్జెట్ లోటు మీదపడింది. సర్క్యులేటర్ని ఎత్తేద్దామని మేయర్ మ్యూరియల్ బౌజర్ ప్రతిపాదించారు. ఆ డిసెంబర్ 31తో బస్సు ఆగిపోయింది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి సభ పెడితే వెళ్ళండి. మా వీధికి బస్సు కావాలని అడగండి. పదేళ్ళ తర్వాత దాన్ని నడిపే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా అడగండి.