ఎడారిలో కుక్క వైద్యం

సౌదీ అరేబియాలో ఉద్యోగం చేసి వచ్చానని చెప్పగానే మనవాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్నలు మూడు. ఎండ ఎంత, జీతం ఎంత, అక్కడ మన కూరగాయలు దొరుకుతాయా అని. అక్కడ కుక్కకి ఫిట్స్ వస్తే ఏం చేస్తారని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం మా తరం వాళ్ళకి అలవాటే కాబట్టి, ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. నిజానికి ఇది ఒక్క కుక్క సంగతి కాదు. దాని మందు కోసం తిరుగుతూ తిరుగుతూ నేను తెలుసుకున్న చరిత్ర కూడా ఇందులో ఉంది.

కుక్క పేరు బంగారి. తూర్పు రాష్ట్రంలో అల్-ఖోబార్ దగ్గర మేము పని చేసే చోట, 2006లో, పైపుల గుట్ట కింద దొరికిన ఎడారి కుక్కపిల్ల. నిజామాబాద్ నుంచి వచ్చిన మెస్సు వంటమనిషి దానికి ఆ పేరు పెట్టాడు. కొన్నాళ్ళు అక్కడ తిరిగి, చివరికి మా కాంపౌండులోని ఇంటికి చేరింది. టీకాలన్నీ వేయించాం. రెండేళ్ళు ఏ బాధా లేదు. 2008 అక్టోబరులో ఒక తెల్లవారుజామున పక్కకి పడిపోయి, కాళ్ళు ఈడ్చుకుపోయి, నోట్లో నురగ కక్కుతూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో తగ్గింది. కానీ తరవాత అరగంటసేపు మమ్మల్ని గుర్తుపట్టలేదు. గోడలకి గుద్దుకుంటూ తిరిగింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కరోజులో రెండుసార్లు. చూడడానికి వచ్చిన వంటమనిషి దాని కాలి కింద తాళంచెవుల గుత్తి పెట్టాడు. మన ఊళ్ళల్లో మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టే అలవాటు సముద్రం దాటి అక్కడికీ వచ్చింది.

ఆ రోజుల పరిస్థితి కొంచెం చెప్పాలి. 2006లో జిద్దా, మక్కాలలో కుక్కలనీ పిల్లులనీ అమ్మకూడదని నిషేధం పెట్టారు. 2008 జూలైలో రియాద్‌లో మతపోలీసులు అమ్మకాన్నే కాక, వాటిని వెంటబెట్టుకుని వీధిలో తిరగడాన్ని కూడా నిషేధిస్తామని ప్రకటించారు. కుర్రాళ్ళు పెంపుడు జంతువులని చూపించి ఆడపిల్లలతో మాటలు కలుపుతున్నారన్నది వాళ్ళు చెప్పిన కారణం! మా తూర్పు రాష్ట్రానికి ఆ ప్రకటన వర్తించకపోయినా భయానికి రాష్ట్రాల సరిహద్దులు ఉండవు కదా. ఇఖామా మీద బతికేవాడికి కుక్క కోసం పోలీసు ముందు నిలబడడమంటే తమాషా కాదు.

అయితే అరబ్బులకీ కుక్కకీ పడదనుకుంటే అది సగం నిజమే. ఉత్తరాన హాయిల్ ప్రాంతంలో జుబ్బా, షువైమిస్ అనే చోట్ల బండల మీద చెక్కిన బొమ్మలున్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బొమ్మల్లో విల్లు పట్టుకున్న వేటగాడి చుట్టూ కుక్కల గుంపు ఉంటుంది. కొన్ని కుక్కల మెడ నుంచి వేటగాడి నడుము దాకా గీత గీసి ఉంది. అది పలుపుతాడేనని, ఆ బొమ్మల వయసు ఎనిమిది వేల ఏళ్ళకి పైగా ఉండవచ్చని 2017లో పరిశోధకులు ప్రచురించారు. అల్-ఉలా దగ్గర ఒక పాత సమాధిలో, క్రీస్తుకు పూర్వం నాలుగు వేల ఏళ్ళ కిందటి మనుషుల ఎముకల మధ్య పెంపుడు కుక్క ఎముకలు దొరికాయని 2021లో ప్రకటించారు.

బెదూయిన్ల సలూకీ వేటకుక్క సంగతి చాలామందికి తెలిసిందే. మన దక్కన్‌లో కనిపించే కారవాన్ హౌండు దాని వంశమేనని కూడా అంటారు. శిక్షణ ఇచ్చిన కుక్క పట్టి తెచ్చిన వేటమాంసం తినవచ్చని ఖురాన్ అనుమతించింది. వేటకీ మందకీ పొలానికీ కాపలా కుక్కని ఉంచుకోవచ్చని హదీసులు చెబుతాయి. దాహంతో నాలుక చాపిన కుక్కకి నీళ్ళు పోసినందుకు పాపాలు క్షమించబడ్డ మనిషి కథ కూడా వాటిల్లోనే ఉంది. కుక్క నోటి తడి మాత్రం అశుద్ధమని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. మాలికీ సంప్రదాయం వాళ్ళు అదీ ఒప్పుకోరు. తొమ్మిదో శతాబ్దంలో బస్రాకి చెందిన అల్-జాహిజ్ తన జంతువుల గ్రంథంలో, కుక్క గొప్పదా కోడిపుంజు గొప్పదా అని వాటి యజమానుల చేత పేజీలకి పేజీలు వాదన చేయించాడు. తరవాత బాగ్దాదులో ఇబ్న్ అల్-మర్జుబాన్ అనే ఆయన ఏకంగా, బట్టలు కట్టుకున్న చాలామంది కంటే కుక్కలే మేలు అనే పేరుతో పుస్తకం రాశాడు. పశువైద్యానికి అరబ్బీలో ‘బైతరా’ అని పేరు. గుర్రాల వైద్యుడు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. పేరులోనే తెలిసిపోతోంది, అక్కడి పశువైద్యమంతా ముందు గుర్రం చుట్టూ, తరవాత ఒంటె, మేకల చుట్టూ పెరిగింది.

1975లో పెట్టిన కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయంలో, అల్-అహ్సాలో, పశువైద్య కళాశాల మొదటినుంచీ ఉంది. కాబట్టి దేశంలో డాక్టర్లు లేరని కాదు. మా దగ్గర్లో ఉన్నవాళ్ళు చూసేది మందలని, పందెపు ఒంటెలని. నేను మొదట వెళ్ళిన చోట మందుల బీరువా నిండా గొర్రెల నట్టల మందులు. కౌంటరు దగ్గర కుర్రాడు బంగారిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో చోట టీకాలు మాత్రమే వేస్తామన్నారు. కుక్కల్ని చూసే డాక్టరు రియాద్‌లో ఉన్నాడని మూడోవాళ్ళు చెప్పారు. రియాద్ నాలుగు వందల కిలోమీటర్లు.

నా కారు చిన్నది. దారిలో ఫిట్స్ వస్తే డ్రైవింగు చేస్తూ చూసుకోలేను. టాక్సీవాళ్ళు కుక్క అనగానే ఫోను పెట్టేశారు. చివరికి జగిత్యాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మా కంపెనీలో వ్యాను నడిపేవాడు, వస్తానన్నాడు. అందరం ఆయన్ని చాచా అనేవాళ్ళం. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. “మీకు ఇబ్బంది కదా చాచా?” అని అడిగాను. “ఒళ్లు తగిలితె ఏం గాదు సార్. మూతి తడి తగిలితె కడుక్కోవాలె. నీళ్లు ఉన్నయి గద” అన్నాడు. వెనక సీటు మీద పాత దుప్పటి పరిచి, రెండు క్యానుల నీళ్ళు పెట్టుకుని బయల్దేరాడు. చెక్‌పోస్టు దగ్గర సిపాయి కిటికీలోంచి చూసి ఏమిటని అడిగితే, “మరీజ్” అన్నాడు. రోగి అని. సిపాయి ఇంకోసారి చూసి పొమ్మన్నాడు.

డాక్టరు సూడాన్ మనిషి. ఆయన ముందుగా కుక్కని ముట్టుకోలేదు. ప్రశ్నలు వేశాడు. వయసెంత, ఫిట్స్ ఎన్ని నిమిషాలు, మధ్యలో మామూలుగా ఉంటుందా, ఖర్జూరం తోటల్లో పురుగుమందు కొట్టిన చోట తిరిగిందా, ఎండలో ఎక్కువసేపు ఉందా, టీకాలు ఎప్పుడు. రక్తం తీసి చక్కెర, కాలేయం, కాల్షియం చూశాడు. కుక్కకి ఫిట్స్ రావడానికి కారణాలు చాలా ఉంటాయట. చక్కెర తగ్గినా, విషం తిన్నా, మెదడులో గడ్డ ఉన్నా, డిస్టెంపర్ జబ్బు చేసినా రావచ్చు. ఇవేవీ కాక, ఆరు నెలలకీ ఆరేళ్ళకీ మధ్య మొదలై, మధ్యలో కుక్క మామూలుగా ఉంటే, అది పుట్టుకతో వచ్చిన మూర్ఛరోగం అనుకుంటారు. బంగారిది అదేనని తేల్చాడు.

డిస్టెంపర్ పేరు వచ్చింది కనక ఒక మాట. అది వైరస్ వల్ల వస్తుందని 1905లో ఫ్రాన్స్‌లో హెన్రీ కారే చూపించాడు. 1920లలో లండన్‌లో లైడ్‌లా, డంకిన్ అనే ఇద్దరు దానికి టీకా తయారుచేశారు. అందుకోసం ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువు మీద ప్రయోగాలు చేశారు. ఆ ఫెరెట్ల అనుభవమే 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ని పట్టుకోవడానికి పనికొచ్చింది. కుక్కల కోసం చేసిన పని మనుషులకి ఉపయోగపడిందన్నమాట.

మూర్ఛ మందుల కథ దీనికి తిరగేసి ఉంటుంది. 1857లో లండన్‌లో, విక్టోరియా రాణికి పురుళ్ళు పోసిన సర్ చార్లెస్ లోకాక్, పొటాషియం బ్రోమైడ్ వాడితే కొందరు స్త్రీలకి ఫిట్స్ తగ్గాయని చెప్పాడు. ఆయన చెప్పిన కారణం తప్పు, మందు మాత్రం ఒప్పు. 1912లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు, రాత్రిళ్ళు రోగుల ఫిట్స్‌తో తనకి నిద్ర లేక, వాళ్ళకి ఫినోబార్బిటాల్ అనే కొత్త నిద్రమందు ఇచ్చి చూశాడు. రాత్రే కాదు, పగలు కూడా ఫిట్స్ తగ్గాయి. ఆయన యూదుడు. 1938లో నాజీలు నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటపడి అమెరికా వలస వెళ్ళి, 1948లో అక్కడే పోయాడు. మనుషుల వార్డులో పుట్టిన ఈ రెండు మందులే ఇప్పటికీ కుక్కల మూర్ఛకి ముఖ్యమైన మందులు. 1938లో మనుషులకి వచ్చిన ఫినిటాయిన్ కుక్కలకి పనికిరాదు. వాటి ఒంట్లో అది చాలా త్వరగా విరిగిపోతుంది.

డాక్టరు ఫినోబార్బిటాల్ రాశాడు. పన్నెండు గంటలకొకసారి, గడియారం చూసి వెయ్యాలి. ఉన్నట్టుండి ఆపితే మొదటికంటే ఘోరమైన ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టకూడదు, చుట్టూ ఉన్న సామాను జరపాలి, దీపం ఆర్పి టైము చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒక్కరోజులో రెండు మూడు వచ్చినా అది అత్యవసరం. తాళంచెవుల గురించి అడిగాను. నవ్వి, మా ఊళ్ళోనూ పెడతారు అన్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఫినోబార్బిటాల్ 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో అదుపులో ఉంచవలసిన మందు. సౌదీలో అలాంటి మందుల మీద పట్టు గట్టిది. ఒక మందుల దుకాణంలో చీటీ చూసి, రోగి పేరు, ఇఖామా నంబరు అడిగారు. రోగి నాలుగు కాళ్ళదని తెలిశాక చీటీ వెనక్కి తోసేశారు. మా బావమరది ఇండియా నుంచి తెస్తానన్నాడు, అక్కడ రూపాయల్లో దొరుకుతుంది కదా అని. వద్దని గట్టిగా చెప్పాను. మందు చీటీ కుక్కది, పట్టుబడేది మనిషి. విమానాశ్రయంలో ఆ సంగతి ఏ భాషలో చెప్పుకుంటాడు?

చివరికి ఆ డాక్టరే తన ఆసుపత్రి లైసెన్సు మీద, రిజిస్టరులో రాసుకుని, నెలకి సరిపడా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తెచ్చుకోవడానికి నెలకోసారి రియాద్ వెళ్ళాలి. మొదటి ఏడాది నేను ఏడుసార్లు వెళ్ళాను. మిగతా నెలల్లో చాచా కంపెనీ పని మీద వెళ్ళినప్పుడు, నా ఉత్తరం చూపించి తెచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. “బేజబాన్ జాన్‌వర్ సార్” అన్నాడు. నోరులేని జీవం అని.

ఫిట్స్ పూర్తిగా పోలేదు. వారానికొకటి ఉన్నది మూడు నెలలకొకటి అయింది. ఆకలి పెరిగి లావెక్కింది. కాలేయం కోసం ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించాం. బంగారి 2014లో, మూత్రపిండాలు పాడై పోయింది. మూర్ఛ మొదలయ్యాక ఆరేళ్ళు బతికింది.

ఈలోగా దేశం కూడా మారింది. 2013లో గల్ఫ్ దేశాల జంతు సంక్షేమ చట్టాన్ని సౌదీ ఆమోదించింది. 2016లో మతపోలీసులకి అరెస్టు చేసే అధికారం పోయింది. 2020లో మా ఖోబార్‌లోనే, కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చి కాఫీ తాగే హోటలు తెరిచారు. ఆ వార్త చూసి చాచాకి ఫోను చేశాను. ఆయన జగిత్యాలలో మనవల్ని చూసుకుంటున్నాడు. “మరి మనం రియాద్ దాక పోతిమి గద సార్” అని నవ్వాడు.

మనం మాత్రం ఏం చేశామని అడిగితే, మన దగ్గరా చెప్పుకోవడానికి ఒక బండ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. వాటిల్లో రెండోది, తన రాజ్యంలోనూ పొరుగు రాజ్యాల్లోనూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానని చెబుతుంది. మనుషులకొకటి, పశువులకొకటి. మూలికలు లేనిచోట తెప్పించి నాటించానని కూడా అందులో ఉంది. మందు దొరకని చోటికి మందు తెప్పించడం రాజు పని అని ఇరవై రెండు శతాబ్దాల కిందట మన నేల మీద రాసి పెట్టారు. బంగారి విషయంలో ఆ పని ఒక సూడాన్ డాక్టరూ, జగిత్యాల డ్రైవరూ చేశారు.